ఆదాయ పత్రానికి వంకాయ పరీక్ష

"ఇకమీదట ఈ ప్రభుత్వంలో ఒక్క దొంగ ఆదాయ పత్రం కూడా చెల్లదు. దొంగ పత్రం తెచ్చినవాడికి ఇల్లు రాదు. ఇల్లు వచ్చినవాడి దగ్గర దొంగ పత్రం ఉండదు!" అని గృహవసతి శాఖ మంత్రిగారు మా ఆఫీసు మెట్ల మీద నిలబడి ప్రకటించారు. చివరి రెండు వాక్యాలూ ఒకటేనా, వేరువేరా అని విలేకరులు ఒకరి మొహం ఒకరు చూసుకునేలోపే ఆయన కారెక్కేశారు. గొప్పవాళ్లు తమ మాట మనకు అర్థమయ్యేదాకా ఆగరు. ఆగితే గొప్పవాళ్లెలా అవుతారు?

నేను ఆ శాఖలో తాత్కాలిక గుమాస్తాను. తాత్కాలికం అంటే పని శాశ్వతం, జీతం తాత్కాలికం.

మా ఆఫీసు వెనకే తక్కువ ఆదాయం ఉన్నవాళ్ల కోసం ఇళ్లు కట్టారు. గోడలకు లేత పసుపు రంగు వేశారు. తలుపులు ఇంకా వార్నిష్ వాసన వేస్తున్నాయి. వాటి కోసం బీరువాలు పట్టనన్ని దరఖాస్తులు వచ్చాయి. ప్రతి దరఖాస్తుకూ ఒక ఆదాయ పత్రం కుట్టి ఉంది. ఆ పత్రాల ప్రకారం మా నగరంలో డబ్బున్న మనిషి అనేవాడే లేడు. ఒకాయన కారులో వచ్చి దరఖాస్తు ఇచ్చాడు. ఆయన వెనకే ఆయన డ్రైవరు కూడా ఇచ్చాడు. పత్రాలు చూస్తే యజమాని కంటే డ్రైవరు ఆదాయమే ఎక్కువ.

"పాపం, ఆ డ్రైవరే ఆయన్ని పోషిస్తున్నట్టున్నాడు" అని మా డైరెక్టరు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన మనసు అలాంటిది.

ఆ దరఖాస్తుల్లో ఒకటి మా పిన్నిది. సొంత పిన్ని కాదు. నేను అద్దెకున్న ఇంట్లోనే మెట్ల కింద గదిలో ఉండి బట్టలు కుడుతుంది. కుళాయి దగ్గర పరిచయమైంది, వరస కూడా అక్కడే కలిసింది. ఇంటాయన ఈ మధ్య కొత్త స్కూటరు కొన్నాడు. అది వానకు తడవకూడదు కనుక మెట్ల కింద గది కావాలన్నాడు. నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నాడు. "బండి కొత్తది కదమ్మా. నువ్వంటే ఎక్కడైనా సర్దుకుంటావు" అని ఎంతో మర్యాదగా చెప్పాడు.

పిన్నికి ఒక కుట్టు మిషను, మోకాళ్ల నొప్పి, ఒక ఆదాయ పత్రం ఉన్నాయి. ఆ పత్రం నిజమైనది. అది చేతికి రావడానికి ఆవిడ రెవెన్యూ ఆఫీసు వరండాలో కూర్చుని, అక్కడి గుమాస్తా కూతురికి స్కూలు గౌన్లు కుట్టిపెట్టాల్సి వచ్చింది. దొంగదైతే ఒక పూటలో వచ్చేది.

మంత్రిగారి ప్రకటన తర్వాత మా డైరెక్టరు గారికి కంటి మీద కునుకు లేదు. భూతద్దాలు తెప్పించారు. పత్రాలను ఎండకు పట్టి చూశారు. ముద్రలను వాసన చూశారు. ఏది దొంగదో తేలలేదు. అసలుది ఎలా ఉంటుందో తెలిస్తే కదా దొంగది తెలిసేది, అని స్టాఫ్‌కు ఒక సర్క్యులర్ పంపారు. ఎవరి దగ్గరైనా అసలైన ఆదాయ పత్రం ఉంటే నమూనా కోసం ఇవ్వవలసింది అని. స్టాఫ్‌లో ఒకాయన పొద్దున గర్వంగా తెచ్చిచ్చి, భూతద్దం చూసి, మధ్యాహ్నానికి వెనక్కి తీసుకున్నాడు.

చివరికి పత్రాలన్నీ కట్టలు కట్టి రెవెన్యూ ఆఫీసుకే పంపించారు. వాళ్లు చాలా బాధ్యతగా జవాబు రాశారు: "సంతకాలు మావే. ముద్రలు మావే. అంకెల సంగతి మాకు తెలియదు."

ఇలాంటి సమయంలోనే మహానుభావులకు మెరుపు మెరుస్తుంది. ఆ ఆదివారం డైరెక్టరు గారిని ఆయన భార్య కూరగాయలకు పంపించింది. ఆయన వంకాయలు అమ్మేవాడు చెప్పిన ధర చెప్పినట్టు ఇచ్చి వచ్చారు. "బేరం కూడా ఆడలేదా? మీకేం, డబ్బున్నవాళ్లు!" అని ఆవిడ సంచీ లాక్కుంది. తిట్టు తిన్న మనిషి మామూలుగా అయితే పేపరు చాటుకు పోతాడు. డైరెక్టరు గారు మాత్రం చొక్కా వేసుకుని నేరుగా మంత్రిగారింటికి పోయారు.

మర్నాటికల్లా మా పరిశీలన గది గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించారు:

"మనిషి కాగితం ముందు అబద్ధం ఆడగలడు. వంకాయ ముందు ఆడలేడు."

కింద మంత్రిగారి పేరు వేశారు. మాట డైరెక్టరు గారిదే అయినా గోడ ప్రభుత్వానిది కదా.

పద్ధతి చాలా సులువు. పరిశీలన గదిలో కూరగాయల దుకాణం పెడతారు. దరఖాస్తుదారు ఒక్కొక్కరే లోపలికి వచ్చి కొనాలి. బేరం ఆడితే పేదవాడు, పత్రం అసలైనది. బేరం ఆడకపోతే డబ్బున్నవాడు, పత్రం దొంగది. డైరెక్టరు గారూ నేనూ తెర వెనక కూర్చుంటాం. ఆయన గమనిస్తారు, నేను రాస్తాను.

కూరగాయలకు టెండరు పిలిచారు. టెండరు ఖరారై, కమిటీ చూసి, సరుకు వచ్చేసరికి వంకాయలు ముడతలు పడ్డాయి. అమ్మేవాడి పాత్రకు మా సూపరింటెండెంటు గారిని నియమించారు. నెమ్మదస్తుడు. ఫైలు తప్ప ఏదీ అమ్మి ఎరగడు. నేను అన్నది ఫైలు గురించి తప్పుగా తీసుకోకండి, ఆయన ఎరిగిన సరుకు అదొక్కటే అని నా భావం. తలపాగా ఒకటి స్టోర్స్ నుంచి సంతకం పెట్టి తీసుకున్నారు. అయితే ఆయన హోదాకు చేతుల కుర్చీ ఉండాలి. నేల మీద కూర్చోబెడితే యూనియన్ ఊరుకోదు. అందుకని చేతుల కుర్చీలో కూర్చున్నారు. కుర్చీకి అందేలా బుట్టల్ని బల్ల మీదకు ఎక్కించారు. దుకాణం చూడటానికి జిల్లా కోర్టులా ఉంది.

మొదట వచ్చినామె "కిలో ఎంత?" అంది.

"నలభై."

"ముప్పైకి ఇవ్వవా?"

సూపరింటెండెంటు గారు లేచి నిలబడ్డారు. "తగ్గించే అధికారం నాకు లేదమ్మా. పైకి నోట్ పెట్టాలి. కూర్చోండి."

నోట్ తెర వెనక్కి వచ్చింది. డైరెక్టరు గారు అలవాటుగా దాని మీద 'చర్చించండి' అని రాసి పంపారు. చర్చించడానికి చూస్తే ఆమె లేదు. ఆ సాయంత్రమే, వంకాయల ధరను సగం వరకు స్వయంగా తగ్గించే అధికారం సూపరింటెండెంటు గారికి ఇస్తూ ఉత్తర్వు వెలువడింది.

ఇక పరీక్ష జోరందుకుంది. మోచేతుల దాకా బంగారు గాజులున్న ఒకావిడ వచ్చింది. కారు నీడలో పెట్టమని బయట ఎవరికో చెప్పి లోపలికి అడుగు పెట్టింది.

"ఇవి వంకాయలా? ముసలి మొహాలు! ఎంత?"

"నలభై అమ్మా."

"నలభయ్యా? ఎవరినోయ్ దోచుకుంటావు? పదిహేను ఇస్తా. అదీ నీ మొహం చూసి."

"ఇరవై కంటే తగ్గే అధికారం నాకు..."

"అధికారమా! వంకాయలకు అధికారమేంటి? కొసరుగా కొత్తిమీర కట్ట ఇటు పడెయ్యి. ఉల్లిపాయలు కూడా రెండు."

ఆవిడ గాజులు గలగలలాడించుకుంటూ వెళ్లిపోయాక డైరెక్టరు గారు మళ్లీ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఎంత పేదరికం" అన్నారు. "రెండు ఉల్లిపాయలకు కూడా నోచుకోలేదు. అసలైనది అని రాయమ్మా."

రాశాను.

ఆవిడ వెనక ఒక తాపీ మేస్త్రీ వచ్చాడు. చేతులకు సిమెంటు ఎండి ఉంది. "తొందరగా తూచండి సార్, పనికి టైమైపోతోంది" అని అడిగినంతా ఇచ్చి పోయాడు.

"చూశావా?" అన్నారు డైరెక్టరు గారు. "సమయం విలువ తెలిసినవాడు. ఇలాంటివాళ్లు ఊరికే డబ్బున్నవాళ్లు అవుతారా? దొంగది అని రాయి."

రాశాను. నా చేతిరాత బాగుంటుందని ఆఫీసులో పేరు.

ఆ తర్వాత లోపలికి వచ్చింది మా పిన్ని.

పరీక్ష సంగతి బయట చెప్పకూడదని మాతో ప్రమాణం చేయించారు. ముందురోజు కుళాయి దగ్గర మాత్రం "రేపు ఏదైనా కొనాల్సి వస్తే గట్టిగా ఉండు పిన్నీ" అన్నాను. "నేనెప్పుడూ గట్టిగానే ఉంటానే, మోకాళ్లే ఉండవు" అంది.

పిన్ని దుకాణం వంక చూసింది. బుట్టల వంక చూసింది. సూపరింటెండెంటు గారి తలపాగా కిందనుంచి కారుతున్న చెమట వంక చూసింది.

"కిలో ఎంత నాయనా?"

"నలభై అమ్మా."

"పొద్దున్నుంచి ఏమీ అమ్ముడుపోయినట్టు లేదు పాపం. ఇంత ఎత్తులో పెట్టుకుంటే ఎవరికి కనబడతాయి? సరే, కిలో ఇయ్యి. ఆ అడుగున పుచ్చులున్నాయే, అవి కూడా నాకే వెయ్యి. వేరేవాళ్లు గొడవ చేస్తారు."

నలభై ఇచ్చి, "మంచినీళ్లు తాగు నాయనా" అని చెప్పి మరీ వెళ్లింది.

డైరెక్టరు గారు కుర్చీలో వెనక్కి వాలారు. "అమ్మో, దానధర్మాలు కూడానా! ఎంత ఆస్తి ఉండి ఉంటుందో! రాయమ్మా."

నేను కలం విదిలించాను. సిరా అయిపోయిందన్నాను. ఆయన తన కలం ఇచ్చారు. ఆయన ఉదారత్వానికి హద్దు లేదు.

సాయంత్రం పిన్ని గదికి వెళ్లేసరికి పుచ్చు వంకాయల్ని శ్రద్ధగా చెక్కుతోంది. పత్రం దొంగదని తేల్చి దరఖాస్తు తిరస్కరించారని చెప్పాను.

"బేరం ఎందుకు ఆడలేదు పిన్నీ?"

"ఎలా ఆడతానే? అతని కాలరు చూశావా? అరిగిపోతే తిరగేసి కుట్టించుకున్నాడు. కుట్టు కూడా సరిగా పడలేదు. అలాంటివాడితో బేరమా?"

"ఆయన మా సూపరింటెండెంటు!"

"అయితే కాలరు కొత్తదవుతుందా?"

నియమాల్లో ఇంకా ఒక దారి ఉంది. పత్రం దొంగదని తేలినవారు ఒకసారి పునఃపరిశీలన కోరవచ్చు. అర్జీ నేనే రాశాను. కింద పిన్ని సంతకం పెట్టి, "ఈ దారం రంగు నీ బట్టలకు బాగుంటుంది, ఉంచుకో" అని ఒక ఉండ ఇచ్చింది. బయట మెట్ల దగ్గర ఇంటాయన స్కూటరు పొడవు టేపుతో కొలుస్తున్నాడు.

ఈలోగా గుట్టు బయటికి పొక్కింది. మా గేటు బయట జిరాక్సు కొట్టు పక్కన బల్ల వేసుకుని ఆదాయ పత్రాలు తయారుచేసే ఒకాయన ఉన్నాడు. నగరమంతా ఆయన్ని పత్రాలాయన అంటారు. కాగితం విలువ పోయాక ఆయన బల్ల ముందు ఈగలు తోలుకోవలసిన పరిస్థితి. తన వృత్తిని దెబ్బ తీశారని డైరెక్టరు గారికి మొరపెట్టుకున్నాడు కూడా. "మూడు శాఖల ముద్రలు నమ్ముకుని బతుకుతున్నవాణ్ని సార్!" అన్నాడు. డైరెక్టరు గారు ఓదార్చి పంపారు.

కానీ పనిమంతుడు ఊరికే కూర్చోడు. వారం తిరక్కుండా బల్ల మీద కొత్త బోర్డు వెలిసింది: "ఇచ్చట బేరం నేర్పబడును. చేరినవారికి ఆదాయ పత్రం ఉచితం."

ఇక చూడాలి. వచ్చిన ప్రతివాడూ గుమ్మంలో ఒక నిట్టూర్పు విడిచేవాడు. "నిన్న ఇంతకంటే తక్కువకే ఇచ్చావు కదయ్యా!" అనేవాడు. సూపరింటెండెంటు గారు తగ్గించకపోతే విసురుగా వెనుదిరిగి, గుమ్మం దాకా పోయి, అక్కడ చెప్పు సరిచేసుకునేవాడు. పిలవగానే తిరిగి వచ్చేవాడు. పోయేముందు అందరూ ఎడమ కన్నే తుడుచుకునేవారు.

"పేదరికం మనుషుల్ని ఎలా ఒక్కటి చేస్తుందో చూడు" అని డైరెక్టరు గారు పరవశించిపోయారు. నేను 'అసలైనది' అని రాసి రాసి, చివరికి ఆ మాటతో ఒక రబ్బరు ముద్ర చేయించమని అడిగాను. చేయించారు.

వాళ్ల సంగతి బయటపెట్టినవాడు ఒక బట్టల కొట్టు యజమాని. కంగారులో ఉన్నట్టున్నాడు. లోపలికి వస్తూనే, సూపరింటెండెంటు గారు నోరు తెరవకముందే, "నలభయ్యా! ఎంత అన్యాయం!" అన్నాడు. అని ఎడమ కన్ను తుడుచుకున్నాడు.

"నేనింకా చెప్పలేదండి" అన్నారు సూపరింటెండెంటు గారు.

డైరెక్టరు గారి మొహం నల్లబడింది. దొంగ పత్రాలను పట్టుకునే యంత్రంలోకి దొంగ బేరం చొరబడింది! అత్యవసర సమావేశం పెట్టారు. దొంగ బేరానికీ అసలు బేరానికీ తేడా ఏమిటని తలలు పగలగొట్టుకున్నారు. చివరికి కాగితంలో కొత్తగా 'కొసరు' అనే కాలమ్ చేర్చారు. కొసరు లేని బేరం దొంగ బేరం. అంతేకాదు, ఎవరెంత తక్కువ చెల్లిస్తే అంత పైన ఉండేలా కంప్యూటరుతో వరస పెట్టించారు. మనిషి చెయ్యి పడకూడదని.

మర్నాడు పత్రాలాయన బోర్డు మీద "కొసరుతో సహా" అని కలిపాడు. ఇళ్లన్నీ పోయి ఒక్కటి మిగిలింది. పునఃపరిశీలన అర్జీ మాత్రం పిన్నిది ఒక్కటే. మేస్త్రీకి అర్జీ పెట్టడానికి తీరిక లేదు.

ఆ ఒక్క ఇంటి కోసం నేనూ పిన్నీ మెట్ల కింద గదిలో సాధన మొదలుపెట్టాం. ప్రమాణం మాట నిజమే. కానీ ఊరంతా బోర్డు పెట్టి నేర్పుతున్న దాన్ని రహస్యం అనడం నాకు బాగుండదనిపించింది. నేను అమ్మేదాన్ని. గుండీల డబ్బా నా దుకాణం.

"గుండీ ఎంత?" అంది పిన్ని.

"నలభై."

"ఇదిగో."

"పిన్నీ!"

"మరిచిపోయానే. సరే మళ్లీ. గుండీ ఎంత?"

"నలభై."

"ఇరవైకి ఇయ్యి."

"ఇరవైకైతే నాకు గిట్టదమ్మా."

"గిట్టదా? అయ్యో. నీకు పిల్లలెంతమంది?"

"పిల్లల సంగతి నీకెందుకు పిన్నీ! 'అయితే పోతా' అను. అని లేచి గుమ్మం దాకా వెళ్లు."

"మోకాలు పట్టేసిందే. కూర్చునే పోతే లెక్కకు రాదా?"

చివరికి ఒక దారి పట్టాం. అమ్మేవాడి మొహం చూస్తే ఆవిడ మనసు కరిగిపోతోంది కనుక కళ్లు మూసుకుని అప్పజెప్పాలి. వాక్యమంతా ఒకే ఊపిరిలో. మిషను తొక్కుతూ వల్లె వేసింది. స్కూటరు గదిలోకి పడుతుందో లేదో చూడటానికి ఇంటాయన వచ్చి గుమ్మంలో నిలబడ్డప్పుడు కూడా ఆపలేదు. "నలభయ్యా ఎంత అన్యాయం ఇరవైకి ఇస్తే ఇయ్యి లేకపోతే పోతా!" అని అరిచేసరికి ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు.

పునఃపరిశీలన రోజునే ఆఖరి ఇంటి తాళం ఇవ్వడానికి మంత్రిగారు వస్తున్నారని కబురు వచ్చింది. ఆయన రాకముందే పిన్నిని లోపలికి పిలిచారు. సూపరింటెండెంటు గారు ఆవిణ్ని గుర్తుపట్టారు. మంచినీళ్లు తాగమన్న మనిషిని ఎవరు మరిచిపోతారు?

"కిలో ఎంత నాయనా?"

"నలభై" అని ఆయన కనుబొమలతో ఏదో సైగ చేశారు. పిన్ని అప్పటికే కళ్లు మూసుకుంది.

"నలభయ్యా ఎంత అన్యాయం ఇరవైకి ఇస్తే ఇయ్యి లేకపోతే పోతా!"

"తీసుకోమ్మా, ఇరవైకే తీసుకో!" అన్నారాయన వెంటనే.

పిన్ని కళ్లు తెరిచింది. "అదేంటి, అంత తొందరగా ఒప్పేసుకున్నావు? నీకేం మిగులుతుంది?"

"మిగులుతుందమ్మా. తీసుకుని వెళ్లు."

"ఎక్కడ మిగులుతుంది? ముప్పై తీసుకో."

"వద్దమ్మా, ఇరవై చాలు."

"ముప్పై ఐదు."

"పద్దెనిమిది!" అన్నారు సూపరింటెండెంటు గారు. ఆయన అధికారం సగం వరకే అన్న సంగతి మరిచిపోయారు.

"నీకేమైనా మతి పోయిందా? ఇంట్లో వాళ్లేం తింటారు? నలభై."

"పదిహేను. నా మాట వినమ్మా!"

"నలభై రెండు. ఇదే ఆఖరు. తీసుకుంటే తీసుకో, లేకపోతే పోతా!"

పిన్ని నిజంగానే కోపంగా వెనుదిరిగింది. మోకాలు నొప్పిని కూడా లెక్క చెయ్యలేదు. గుమ్మం దాటబోతుండగా సూపరింటెండెంటు గారు కుర్చీలోంచి లేచి, "అమ్మా, అమ్మా! రా. నీ మాటా వద్దు నా మాటా వద్దు. ముప్పై!" అని కేకేశారు. పిన్ని తిరిగి వచ్చింది. ముప్పై ఇచ్చింది. తూచిన వంకాయల్లోంచి రెండు మంచివి ఏరి ఆయన బల్ల మీద పెట్టి, "ఇవి నీ కొసరు. కాదనకు" అంది.

తెర వెనక డైరెక్టరు గారు తల పట్టుకున్నారు. "ఇదేం బేరం? ఎటు నుంచి ఎటు పోయింది?"

నేను ఆ ఆఫీసులో అడగకుండా మాట్లాడటం అదే మొదలు. "బేరమే సార్. చెప్పిన ధరకు కొనలేదు. గుమ్మం దాకా వెళ్లి తిరిగి వచ్చింది. కొసరు కూడా ఉంది. ఎవరు ఎవరికి ఇచ్చారు అన్న కాలమ్ మన దగ్గర లేదు."

ఆయన కాగితం అటూ ఇటూ తిప్పి చూశారు. "లేదు" అని ఒప్పుకున్నారు. ఆయన ఎప్పుడూ కాలమ్ దాటిన మనిషి కారు. నేను పిన్ని పత్రం మీద 'అసలైనది' ముద్ర వేశాను. సిరా ఎక్కువై కాగితం వెనక్కి కూడా దిగింది. కంప్యూటరులో ఖాళీగా ఉన్న ఆఖరి ఇంటికి ఎదురుగా పిన్ని దరఖాస్తు వచ్చి కూర్చుంది.

మంత్రిగారు వచ్చేసరికి పిన్ని ముందు వరసలో, ఉతికి ఇస్త్రీ చేసిన బట్టల్లో, ఒళ్లో వంకాయల సంచీతో కూర్చుని ఉంది. మంత్రిగారు పేదల గురించి మాట్లాడారు. పేదల గురించి ఆయన మాట్లాడుతుంటే పేదలే మరిచిపోయిన సంగతులు గుర్తొస్తాయి. అయిపోయాక ఒక విలేకరి లేచాడు.

"ఆ పరీక్ష ఎలా జరుగుతుందో మీరోసారి చేసి చూపిస్తారా సార్? ఫొటో బాగుంటుంది."

"తప్పకుండా. జనం నడిచే దారిలో నేనూ నడవాలి" అన్నారు మంత్రిగారు.

గదిలోకి ఎవరు వచ్చినా ఒక కాగితం తెరవాలన్నది నియమం. తెరిచాను. మంత్రిగారు, ఆయన వెనక పీఏ, వాళ్ల వెనక కెమెరాలు లోపలికి వచ్చాయి. సూపరింటెండెంటు గారు అలవాటు కొద్దీ లేచి నిలబడి చేతులు కట్టుకున్నారు.

"బాగున్నాయి" అన్నారు మంత్రిగారు వంకాయల్ని చూసి. పీఏ వాటిని సంచీలో వేశాడు. "టమాటాలు కూడా తాజాగానే ఉన్నాయే" అన్నారు. పీఏ ఇంకో సంచీ తీశాడు. ఉల్లిపాయల్ని చూసి తల పంకించారు. అవీ వెళ్లాయి. చివరగా తక్కెడను వేలితో ఊపి చూసి, "పాతకాలం పనితనం, ముచ్చటగా ఉంది" అన్నారు. పీఏ తక్కెడను చంకన పెట్టుకున్నాడు.

"ఇంకేమైనా సెలవివ్వండి సార్" అన్నారు సూపరింటెండెంటు గారు, ఖాళీ బుట్టల వెనక నుంచి.

మంత్రిగారు ఆయన భుజం తట్టి బయటికి నడిచారు.

"రాయమ్మా" అన్నారు తెర వెనక డైరెక్టరు గారు గుసగుసగా.

"ఏం రాయాలి సార్?"

"జరిగింది రాయి."

రాశాను. అడిగిన ధర: అడగలేదు. చెల్లించినది: సున్నా. కొసరు: తక్కెడ. కంప్యూటరు ఒక్క క్షణం ఆలోచించి, ఆఖరి ఇంటికి ఎదురుగా ఉన్న పిన్ని దరఖాస్తును కిందకు జరిపింది.

ఇక్కడే డైరెక్టరు గారి నిజాయితీకి అగ్నిపరీక్ష. ఇంకొకరైతే ఆ కాగితాన్ని చింపి బుట్టలో వేసేవారు. ఆయన నేరుగా వేదిక ఎక్కి, మైకు అందుకుని, గొంతు సవరించుకున్నారు. "మా పద్ధతి మనిషిని చూడదు. ఒక్క వంకాయకు కూడా చెల్లించలేని స్థితిలో ఉన్న అత్యంత నిరుపేదను ఈ నగరంలో మా పరీక్ష ఈ రోజు కనిపెట్టింది. ఆఖరి ఇల్లు ఆయనదే" అని మంత్రిగారి వైపు చెయ్యి చూపించారు.

మంత్రిగారు తలవంచుకున్నారు. తల ఎత్తేసరికి కళ్లు చెమ్మగిల్లాయి.

"ఫలితాన్ని గౌరవిస్తున్నాను. నేనే గౌరవించకపోతే ఇంకెవరు గౌరవిస్తారు?"

తాళం ఇవ్వవలసింది ఆయనే, పుచ్చుకోవలసిందీ ఆయనే. కుడిచేత్తో ఇచ్చి ఎడమచేత్తో తీసుకున్నారు. ఫొటో సరిగా రాలేదంటే మళ్లీ ఇచ్చి మళ్లీ తీసుకున్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ముందు వరసలో పిన్ని కూడా కొట్టింది. నేను పక్కకు వెళ్లేసరికి నా చెవి దగ్గరకు వంగింది.

"ఏమీ లేనట్టుంది పాపం. చూస్తే ఎంత బాగా కనబడతాడో! సర్లే, ఆయనకు ముందు ఇల్లు దొరకనీ."

నెలాఖరుకి మెట్ల కిందకు స్కూటరు చేరింది. కుట్టు మిషను నా గదిలోకి వచ్చింది. దాని బల్ల కింద కాళ్లు పెట్టుకుని పడుకుంటే నా గదిలో ఇద్దరం పడతాం. "రెండు రోజులేనే" అంటుంది పిన్ని పొద్దున్నే. నేను తల ఊపుతాను. డైరెక్టరు గారికి ఈ పద్ధతిని అన్ని శాఖల్లో ప్రవేశపెట్టే పని అప్పగించారు. వైద్య శాఖలో వంకాయతో ఏం చెయ్యాలో ఆయన ఇంకా ఆలోచిస్తున్నారు.

మొన్న ఆఫీసు నుంచి వస్తుంటే ఆ పసుపు ఇళ్లలో చివరిదాని తలుపుకు బోర్డు కనబడింది: "అద్దెకు ఇవ్వబడును." పిన్నికి చెప్పాను. మర్నాడు ఆవిడ తన ఆదాయ పత్రాన్ని రెండు అట్టల మధ్య పెట్టుకుని బయల్దేరింది. నేను తోడు వెళ్లాను. గుమ్మంలో కుర్చీ వేసుకుని మంత్రిగారి పీఏ కూర్చున్నాడు. అద్దెకు వచ్చేవాళ్లను ఆయనే పరిశీలించి ఎంపిక చేస్తాడట.

పత్రాన్ని చేతిలోకి తీసుకుని వెలుతురుకు పట్టి చూశాడు. వెనక్కి దిగిన సిరా మీద వేలు రాశాడు.

"ఇది అసలైనదేనా అమ్మా?"

"అసలైనదే బాబూ. ప్రభుత్వం వాళ్లే పరీక్ష చేసి ముద్ర వేశారు."

"అదే వచ్చిన చిక్కు" అన్నాడు పీఏ. మంచివాడు, విసుక్కోలేదు. "ఇందులో ఆదాయం ఇంత తక్కువగా ఉంటే మంత్రిగారికి అద్దె ఎలా కడతారు? దీనికి మూడింతలు ఉన్నట్టు పత్రం తెచ్చుకోండి. ఇల్లు మీకే ఇస్తాను."

పిన్ని పత్రం వంక చూసుకుంది. "అంత ఆదాయం నాకెక్కడిది బాబూ?"

"ఆదాయం ఎవరడిగారమ్మా?" అన్నాడు పీఏ. "పత్రం అడిగాను."